గడువు దాటక ముందే: అత్యవసర గర్భనిరోధక మాత్రను గురించి ప్రతి గృహమును తెలిసికొనవలసిన సంగతులు

ఒక ఇంటి సంగతి

కోస్తా ప్రాంతమున ఒక గ్రామము. అందు ఒక కౌలురైతు కుటుంబము. భార్యాభర్తలకు ఇద్దరు బిడ్డలు. చిన్నబిడ్డకు 10 నెలలు. మరి రెండు మూడేండ్లవరకు ఇంకొక కాన్పు వలదని ఇరువురును నిశ్చయించుకొని నిరోధ్ వాడుచుండిరి. ఒక శనివారము రాత్రి పది గంటలకు అది చినిగినది. ఆదివారమంతయు ఆమె ఎవరికిని చెప్పలేదు; నెలసరి వచ్చునేమో చూతమని ఊరకుండెను. సోమవారము సాయంకాలము పొరుగూరిలోని మందుల దుకాణమునకు పోయెను. అచ్చట తమ ఊరివారే ఇద్దరు నిలిచియుండిరి. ఆమె తలనొప్పి మాత్రలు కొనుక్కొని తిరిగి వచ్చెను. మంగళవారము ఉదయము తొమ్మిది గంటలకు ఆశా కార్యకర్త బిడ్డ టీకాను గురించి అడుగుటకు వచ్చినప్పుడు, గడపలో నిలిచి మెల్లగా విషయము చెప్పెను.

"ఎప్పుడు జరిగింది, వదినా?" అని కార్యకర్త అడిగెను.

"శనివారం రాత్రి. అప్పటినుంచీ కంటిమీద కునుకు లేదు. ఇంకేమైనా చేయొచ్చా?"

"గడువు ఇంకా దాటలేదు. కానీ ఆదివారం పొద్దున్నే కబురు పెట్టి వుంటే ఎంత బాగుండేది! మాత్ర నా సంచిలోనే వుంది."

ఇది ఉదాహరణ మాత్రమే. అయినను ఇట్టిది ఏ ఊరనైనను జరుగవచ్చును. మాత్ర ఆ ఇంటికి నాలుగిండ్ల అవతల ఒక సంచిలో ఉన్నది. దాని వెల కూడ బరువైనది కాదు. అయినను అది ఆమె చేతికి చేరుటకు 59 గంటలు పట్టినది. ఒక వస్తువు దేశములో ఉండుట వేరు, అవసరము కలిగిన స్త్రీకి అవసరమైన వేళకు అందుట వేరు. ఆ గంటలు ఎట్లు వ్యర్థమగుచున్నవో, వానిని ఎట్లు తగ్గింపవలెనో తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ఈ మాత్ర ఎట్టిది?

అత్యవసర గర్భనిరోధక మాత్రలో నుండు మందు పేరు లీవోనార్జెస్ట్రెల్. ఇది స్త్రీ శరీరమున సహజముగా ఊరు ప్రొజెస్టిరాన్ అను రసమును పోలిన మందు. ప్రతిదినము వాడు మాలా-ఎన్ మాత్రలో కూడ ఇదియే 0.15 మిల్లీగ్రాము ఉండును. అత్యవసర మాత్రలో 1.5 మిల్లీగ్రాములుండును. అనగా ఇది క్రొత్తగా పుట్టిన వింత మందు కాదు. ఎన్నో ఏండ్లుగా కోట్లకొలది స్త్రీలు వాడుచున్న మందే, ఎక్కువ మోతాదులో, ఒక్కమారు తీసికొనుట.

సంయోగమునకు ముందు జాగ్రత్త తీసికొనుటకు వీలు లేకపోయినప్పుడు, లేక తీసికొన్న జాగ్రత్త చెడిపోయినప్పుడు ఈ మాత్ర ఉపయోగపడును. నిరోధ్ చినుగుట లేక జారిపోవుట, దినమాత్రలు వరుసగా కొన్ని దినములు మరచుట, గర్భనిరోధక సూదిమందు వేయించుకొనవలసిన గడువు చాలకాలము దాటిపోవుట, ఏ సాధనమును వాడకుండుట, స్త్రీ ఇష్టమునకు వ్యతిరేకముగా బలాత్కారము జరుగుట – ఇవి ముఖ్యమైన సందర్భములు.

మాత్ర పనిచేయు విధము

ప్రతి నెలయు స్త్రీ అండాశయమునుండి ఒక అండము వెలువడును. ఆ అండము సుమారు ఒక దినము మాత్రమే సజీవముగా ఉండును. కాని పురుషుని వీర్యకణములు స్త్రీ శరీరములో 5 దినములవరకు జీవించియుండగలవు. కావున సంయోగము జరిగిన క్షణముననే గర్భము నిలుచునని తలచుట పొరపాటు. వీర్యకణములు ముందుగా చేరి అండము కొరకు వేచియుండుట సాధారణముగా జరుగుచుండును. ఈ వేచియుండు కాలమే స్త్రీకి లభించు అవకాశము.

లీవోనార్జెస్ట్రెల్ మాత్ర అండము వెలువడుటను ఆపును, లేక కొన్ని దినములు వెనుకకు నెట్టును. అండము వెలువడునప్పటికి వీర్యకణములు నశించియుండును. అండము అప్పటికే వెలువడియున్నచో ఈ మాత్ర చేయగల పని మిక్కిలి తక్కువ. ఆ సమయము ఎప్పుడు వచ్చునో ఏ స్త్రీకిని ముందుగా నిశ్చయముగా తెలియదు. కనుకనే ఎంత త్వరగా వేసికొన్నచో అంత మేలు.

దీనినిబట్టి మరియొక సంగతి కూడ స్పష్టమగును. ఈ మాత్ర గర్భము రాకుండ చేయునే కాని వచ్చిన గర్భమును తొలగింపదు. ఇది గర్భస్రావపు మందు కాదు. గర్భము నిలిచిన పిమ్మట తెలియక వేసికొన్నను, తల్లికి గాని గర్భములోని శిశువునకు గాని హాని కలుగదు. మాత్ర పనిచేయదు, అంతియే. గర్భస్రావమునకు వాడు మందులు మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అనునవి. అవి వేరు, వానిని వైద్యుని పర్యవేక్షణలోనే చట్టప్రకారము వాడవలెను. పేర్లు తెలియని కారణమున ఈ రెంటిని ఒకటిగా తలచు వారు సామాన్య ప్రజలలోనే కాక దుకాణదారులలో కూడ కలరు. ఈ పొరపాటు వలన కలుగు నష్టము ముందు తెలియగలదు.

గంటల లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ అనేక దేశములలో జరిపించిన ఒక పెద్ద పరిశోధన ఫలితములు 1998లో వెలువడినవి. మాత్ర వేసికొననిచో రాదగిన గర్భములలో ఎన్నింటిని మాత్ర నివారించినదో అందులో లెక్కించిరి. 24 గంటలలోగా వేసికొన్నవారిలో నూటికి 95, 25 నుండి 48 గంటల మధ్య వేసికొన్నవారిలో నూటికి 85, 49 నుండి 72 గంటల మధ్య వేసికొన్నవారిలో నూటికి 58 గర్భములు నివారింపబడినవి.

ఈ అంకెలను మరల ఒకమారు చూడవలెను. మొదటి దినమున వేసికొన్న మాత్రయు, మూడవ దినమున వేసికొన్న మాత్రయు ఒక్కటే, వెల ఒక్కటే, మందు ఒక్కటే. మారినది కాలము మాత్రమే. పైన చెప్పిన గృహిణి ఆదివారము ఉదయమే మాత్ర వేసికొన్నచో మొదటి వర్గములో ఉండెడిది. మంగళవారము వేసికొన్నందున మూడవ వర్గములో చేరినది.

72 గంటలు దాటినంతమాత్రమున ఆశ వదలుకొన పనిలేదు. 120 గంటలు, అనగా 5 దినములవరకు మాత్ర వేసికొనవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. కాని దినము గడచుకొలది ఫలము తగ్గిపోవును. ఇట్టి ఆలస్యము జరిగినప్పుడు అంతకంటె మేలైన సాధనము కాపర్-టి. 5 దినములలోగా శిక్షణ పొందిన వైద్యురాలు గాని నర్సు గాని కాపర్-టి అమర్చినచో నూటికి 99కి పైగా గర్భములు నివారింపబడును. పైగా కాపర్-టి 380-ఎ అను రకము ఆ తరువాత 10 సంవత్సరములవరకు రక్షణనిచ్చును. బిడ్డ కావలెననుకొన్నప్పుడు దానిని తీయించుకొనవచ్చును. ప్రభుత్వ ఆసుపత్రులలో దీనిని ఉచితముగా అమర్చుదురు.

ఈ సాధనము మనకెట్లు వచ్చినది?

కుటుంబ నియంత్రణమును జాతీయ కార్యక్రమముగా చేపట్టిన దేశములలో భారతదేశము మొదటిది. అది 1952లో ప్రారంభమైనది. ఆ దినములలో అత్యవసర సాధనమనునది సామాన్య స్త్రీలకు తెలియదు. 1970 దశకమున కెనడా దేశపు వైద్యుడగు ఆల్బర్ట్ యూజ్పీ, సాధారణ గర్భనిరోధక మాత్రలలోని రెండు మందులను ఎక్కువ మోతాదులో, 12 గంటల యెడముతో రెండుమారులు ఇచ్చు పద్ధతిని కనిపెట్టెను. అది పనిచేసినది గాని వికారమును, వాంతులును ఎక్కువగా కలిగించుచుండెను. పైన చెప్పిన 1998 నాటి పరిశోధన, లీవోనార్జెస్ట్రెల్ ఒక్కటియే ఇచ్చుట ఆ పద్ధతికంటె ఫలప్రదమనియు, వాంతులు తక్కువనియు తేల్చినది. రెండు మోతాదులుగా కాక 1.5 మిల్లీగ్రాముల మాత్రను ఒక్కమారే వేసికొన్నను చాలునని 2002లో వెలువడిన మరియొక పరిశోధన చూపినది.

భారతదేశమున 2005లో ఈ మాత్రను వైద్యుని చీటీ లేకుండ మందుల దుకాణములలో అమ్ముటకు అనుమతి లభించినది. ఆ సంవత్సరమే జాతీయ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమము ప్రారంభమై, గ్రామగ్రామమున ఆశా కార్యకర్తల నియామకమునకు దారి తీసినది. 2011లో గర్భనిరోధక సాధనములను ఇంటివద్దనే అందించు పథకము కొన్ని జిల్లాలలో ప్రారంభమై, పిదప దేశమంతటికిని విస్తరింపబడినది. ఆ పథకమున మూడు నిరోధ్‌ల పొట్లమునకు 1 రూపాయి, ఒక నెల దినమాత్రలకు 1 రూపాయి, అత్యవసర మాత్రకు 2 రూపాయలు వెలగా నిర్ణయించిరి. ప్రభుత్వము సరఫరా చేయు అత్యవసర మాత్రకు ఈజీ పిల్ అని పేరు.

కావున చట్టము అడ్డు కాదు. వెల అడ్డు కాదు. మందు లేకపోవుటయు అన్నిచోట్ల అడ్డు కాదు. అడ్డులు వేరే ఉన్నవి.

గంటలను హరించు ఆటంకములు

మొదటిది తెలియకపోవుట. ఇట్టి మాత్ర కలదనియే అనేకమంది స్త్రీలు ఎరుగరు. ఎరిగినవారిలో కొందరు దానిని నెలసరి తప్పిన పిమ్మట వేసికొనునది అని తలచుచున్నారు. నెలసరి తప్పునప్పటికి గడువు ఎన్నడో దాటియుండును. ఈ ఒక్క విషయము తెలియకనే వేచియుండి మోసపోయినవారు ఎక్కువ. జరిగిన మరునాడే వేసికొనవలసిన మాత్ర ఇది అని ప్రతి స్త్రీయు, ప్రతి పురుషుడును జ్ఞాపకముంచుకొనవలెను.

రెండవది సిగ్గు. మందుల దుకాణమున నలుగురి యెదుట ఈ మాత్ర అడుగుటకు స్త్రీ జంకును. పెండ్లికాని యువతి, భర్త దూరదేశమున నుండగా సెలవుపై వచ్చిపోయిన స్త్రీ, భర్తను కోల్పోయిన స్త్రీ మరింత జంకుదురు. జ్వరపు మాత్ర అడుగుటకు లేని సిగ్గు దీనికేల? తన శరీరమును, తన బిడ్డల క్షేమమును కాపాడుకొనుట ఏ స్త్రీకిని తప్పు కాదు. పేరు చెప్పుటకు నోరు రానివారు ఒక చిన్న కాగితముపై మందు పేరు వ్రాసి ఇచ్చినను చాలును. లేనిచో భర్తయే వెళ్లి తీసికొని రావచ్చును. అది అతని బాధ్యత కూడ.

మూడవది దుకాణదారుల అపోహ. ఇది గర్భస్రావపు మందు అని తలచి కొందరు దుకాణములోనే ఉంచరు. కొందరు ఉంచినను చీటీ తెమ్మందురు. భర్తను తీసికొని రమ్మందురు. పెండ్లి అయినదా అని ప్రశ్నింతురు. 2005 నాటి అనుమతి ప్రకారము చీటీ అవసరము లేదు. ఈ మాత్ర కొనుటకు భర్త సంతకము గాని, వివాహపు ఋజువు గాని అక్కరలేదు. దుకాణమున దొరకనిచో అచ్చటనే వాదించుచు గంటలు గడుపక, వెంటనే వేరొక దుకాణమునకు గాని, ఆశా కార్యకర్త వద్దకు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు గాని పోవలెను.

నాలుగవది దూరము, సెలవుదినములు. కొండ ప్రాంతములలోని గిరిజన గూడెములకు, ద్వీపములవంటి లంకగ్రామములకు మందుల దుకాణము చాల దూరము. వర్షకాలమున వాగు పొంగినచో ఒక దినము పోవుటకు, ఒక దినము వచ్చుటకు. ఆదివారములలో ఉపకేంద్రము మూసియుండవచ్చును. ఇట్టి చోట్ల మాత్ర ముందుగానే ఇంట ఉండుట తప్ప వేరు మార్గము లేదు.

ముందుగా ఇంట నుంచుకొనుట

బెల్లమును, పప్పును అయిపోయిన పిదప కాక ముందే తెచ్చి యుంచుకొనునట్లు, జ్వరపు మాత్ర, కాలిన గాయములకు మందు ఇంట నుంచుకొనునట్లు, నిరోధ్‌ను గాని దినమాత్రలను గాని వాడు దంపతులు ఒక అత్యవసర మాత్రను ముందుగానే తెచ్చి భద్రపరచుకొనవచ్చును. ఎండ తగులని, తడిలేని చోట, పిల్లలకు అందకుండ ఉంచవలెను. పొట్లముపై అచ్చువేసిన గడువు తేదీని చూచుకొనుచుండవలెను.

ఇట్లు ముందుగా ఇచ్చినచో స్త్రీలు నిత్యసాధనములను విడిచిపెట్టుదురేమో అని కొందరు శంకింతురు. ముందుగా మాత్ర చేతిలోనున్న స్త్రీలు దానిని త్వరగా వాడుదురనియు, అందువలన తమ నిత్యసాధనములను విడిచిపెట్టరనియు పలు దేశములలో జరిగిన పరిశోధనలు చూపినవి. ఇంట గొడ్డలి యుండుటచేత చెట్లన్నిటిని నరుకువారు లేరు. అవసరము వచ్చినప్పుడు వెదకుకొన పనిలేకుండ ఉండును, అంతియే.

వాడు విధము

మాత్రను నీటితో మ్రింగవలెను. భోజనమునకు ముందా వెనుకా అను నియమము లేదు. కొంచెము తిని వేసికొన్నచో వికారము తక్కువగా ఉండును. వేసికొన్న 2 గంటలలోగా వాంతి అయినచో మరియొక మాత్ర వెంటనే వేసికొనవలెను.

కొందరికి వికారము, తలనొప్పి, అలసట, రొమ్ములలో నొప్పి, కొలదిగా రక్తము కనుపించుట జరుగవచ్చును. ఇవి ఒకటి రెండు దినములలో తమంత తాము తగ్గిపోవును. రాబోవు నెలసరి కొన్ని దినములు ముందుగా గాని ఆలస్యముగా గాని వచ్చుట కలదు. నెలసరి ఒక వారమునకు పైగా ఆలస్యమైనచో, లేక మాత్ర వేసికొన్న 3 వారములకును రానిచో గర్భ పరీక్ష చేయించుకొనవలెను. పొత్తికడుపున ఒకవైపు తీవ్రమైన నొప్పి కలిగినచో జాగు చేయక వైద్యుని చూడవలెను.

పాలిచ్చు తల్లులు ఈ మాత్రను వేసికొనవచ్చును. బిడ్డకు హాని లేదు. క్షయకు వాడు రిఫాంపిసిన్, మూర్ఛకు వాడు ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫెనోబార్బిటోన్ వంటి మందులు ఈ మాత్ర బలమును తగ్గించును. అట్టి మందులు వాడుచున్న స్త్రీలును, స్థూలకాయము గల స్త్రీలును వైద్యుని సలహా పొందుట మంచిది. వారికి కాపర్-టి మేలైన సాధనము.

ఈ మాత్ర వెనుక జరిగిన సంయోగమునకే కాని ముందు జరుగబోవుదానికి రక్ష కాదు. అండము వెలువడుటను వాయిదా వేయుటయే దీని పని గనుక, మాత్ర వేసికొన్న తరువాత జాగ్రత్త తీసికొననిచో గర్భము వచ్చు ప్రమాదము ఎక్కువ. మాత్ర వేసికొన్న దినముననే గాని మరునాడు గాని దినమాత్రలను ప్రారంభింపవచ్చును. మొదటి 7 దినములు నిరోధ్ కూడ వాడవలెను. సుఖవ్యాధులనుండి గాని, ఎయిడ్స్ వ్యాధినుండి గాని ఈ మాత్ర రక్షింపదు. నిరోధ్ ఒక్కటియే ఆ రక్షణనీయగలదు.

మాటిమాటికి దీనినే వాడుట తగదు. అట్లు వాడినందువలన ప్రాణాపాయము గాని, శాశ్వతమైన వంధ్యత్వము గాని కలుగదు. కాని నెలసరి క్రమము తప్పును. నిత్యసాధనములతో పోల్చినచో గర్భము నిలుచు అవకాశమును ఎక్కువ. ఒకటి రెండుమారులు ఈ మాత్ర అవసరమైన స్త్రీ, తనకు తగిన నిత్యసాధనమును గురించి ఏ.ఎన్.ఎం.తో గాని వైద్యురాలితో గాని మాటలాడవలెను. నిరోధ్, మాలా-ఎన్, వారమునకు ఒకటి రెండు మారులు వేసికొను ఛాయా మాత్ర, మూడు నెలలకొకమారు వేయించుకొను అంతర సూదిమందు, కాపర్-టి ఇవన్నియు ప్రభుత్వ కార్యక్రమమున కలవు.

బలాత్కారమునకు గురియైన స్త్రీ విషయము

ఈ మాత్ర అవసరము అన్నిటికంటె తీవ్రముగా ఉండునది ఇచ్చటనే. గంటలు ఎక్కువగా వ్యర్థమగునదియు ఇచ్చటనే. భయము, అవమానము, పోలీసుల యెదుట చెప్పుటయా మానుటయా అను తర్జనభర్జనలతో రెండు మూడు దినములు గడచిపోవును.

2013లో చేసిన చట్టసవరణ ప్రకారము ప్రభుత్వ ఆసుపత్రియైనను, ప్రైవేటు ఆసుపత్రియైనను బలాత్కారమునకు గురియైన స్త్రీకి వెంటనే, ఉచితముగా చికిత్స చేయవలెను. 2024లో అమలులోనికి వచ్చిన క్రొత్త నేరవిచారణ చట్టమునను ఈ నియమము నిలిచియున్నది. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో వెలువరించిన మార్గదర్శక సూత్రములలో అత్యవసర గర్భనిరోధము ఈ చికిత్సలో భాగముగా చెప్పబడినది. పోలీసు ఫిర్యాదు వ్రాసిన పిదపనే వైద్యము చేయుదుమనుట తగదు. చికిత్స ముందు, మిగిలినవి పిదప.

హెచ్.ఐ.వి. సోకకుండ ఇచ్చు మందులను కూడ 72 గంటలలోగా ప్రారంభింపవలెను. కావున ఇంటివారు ఆమెను నిందించుచు, ఊరిపెద్దల పంచాయితీకై వేచియుండుచు కాలము గడుపరాదు. ఆమెను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవుటయే మొదటి కర్తవ్యము. సహాయమునకు మహిళల టెలిఫోను 181, అత్యవసర టెలిఫోను 112.

గడువు దాటి గర్భము నిలిచినచో

ఎంత జాగ్రత్త పడినను కొందరికి గర్భము నిలువవచ్చును. అట్టివారు నాటుమందులను, మంత్రసానులను, చీటీ లేక అమ్ము గర్భస్రావపు మందులను ఆశ్రయింపరాదు. వానివలన అధిక రక్తస్రావము, గర్భాశయమునకు విషము పట్టుట, ప్రాణహాని కూడ సంభవించును. 1971 నాటి వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టము, 2021లో సవరింపబడిన ప్రకారము, గర్భనిరోధక సాధనము విఫలమై వచ్చిన గర్భమును 20 వారములవరకు అర్హత గల వైద్యుని అభిప్రాయముపై, అనుమతి పొందిన ఆసుపత్రిలో తొలగించుకొనుటకు వీలు కల్పించుచున్నది. ఈ సవరణ వివాహిత, అవివాహిత అను భేదము చూపలేదు. ఆమె పేరును రహస్యముగా ఉంచుట వైద్యుని విధి.

ఎవరి కర్తవ్యము ఏమి?

ఆశా కార్యకర్త తన సంచిలో మాత్ర ఉన్నదని ప్రతి ఇంటను ముందుగా తెలుపవలెను. అవసరము వచ్చినప్పుడు అడుగుదురులే యని ఊరకుండిన, అడుగవచ్చునని తెలియనివారు ఎన్నటికిని అడుగరు. ఏ స్త్రీ ఎప్పుడు మాత్ర తీసికొన్నదో రెండవ చెవికి తెలియనీయరాదు. ఒక్కమారు రహస్యము పొక్కినచో ఆ ఊరిలో మరియే స్త్రీయు ఆమె తలుపు తట్టదు.

దుకాణదారుడు ప్రశ్నలు మాని, మాత్రను కాగితపు సంచిలో ఉంచి ఇచ్చి, ఎంత త్వరగా వేసికొన్న అంత మేలు అను ఒక్క మాట చెప్పిన చాలును. భర్త ఈ భారమంతయు భార్యదే అని తలపరాదు. అత్తగారు, తల్లి, పెద్దక్క వంటి పెద్ద స్త్రీలు, తమ యౌవనమున ఇట్టి సాధనము లేక తాము పడిన కష్టములను తలచుకొని, కోడండ్రకును కూతుండ్రకును ఈ సంగతిని చెప్పవలెను. పెద్దలనోట విన్న మాటకు సిగ్గు సగము తగ్గును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. జాగ్రత్త తప్పిన మరునాడే, వీలైనచో ఆ రాత్రియే, మాత్ర వేసికొనవలెను. నెలసరి కొరకు వేచియుండరాదు.
2. 72 గంటలలోగా వేసికొన్నచో మేలు. 5 దినములవరకు వేసికొనవచ్చును. ఆలస్యమైనచో కాపర్-టి ఉత్తమము.
3. ఇది గర్భస్రావపు మందు కాదు.
4. మందుల దుకాణమున చీటీ అక్కరలేదు. ఆశా కార్యకర్త వద్దను, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములయందును లభించును.
5. ఇది అత్యవసరమునకే, నిత్యము వాడుటకు వేరు సాధనములు కలవు.
6. ఒక మాత్ర ముందుగానే ఇంట ఉన్నచో గంటలు వ్యర్థము కావు.

పైన చెప్పిన గృహిణి ఆ మంగళవారము ఆశా కార్యకర్త యెదుటనే మాత్ర వేసికొనెను. వెళ్లునప్పుడు కార్యకర్త మరియొక మాత్రను ఆమె చేతిలో నుంచి, "ఇది పెట్టెలో దాచుకో వదినా, అవసరం రాకపోతే మరీ మంచిది" అని చెప్పెను. ఆ రెండవ మాత్ర వేసికొన పనిలేకనే గడువు తీరిపోవచ్చును. అయినను అది వ్యర్థము కాదు. మరల అట్టి రాత్రి వచ్చినచో ఆ ఇల్లాలు తెల్లవారువరకు కూడ వేచియుండ నక్కరలేదు.